ఎయిర్ రైఫిల్ గ్రూపు చెదురుతోందా? లోపాన్ని వరుసగా పట్టుకునే పద్ధతి

“సార్, పోయిన వారం అన్నీ పదిలోనే పడ్డాయి. ఈ వారం అదే రైఫిల్, అదే డబ్బా, కానీ ఏడులోనూ ఎనిమిదిలోనూ పడుతున్నాయి. పెల్లెట్ మార్చమంటారా?”

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి వైపు నుంచి నాకు వచ్చే ప్రశ్నల్లో సగానికి పైగా ఇదే. నా జవాబు కూడా ఒక్కటే: ఇప్పుడే మార్చకండి. గ్రూపు, అంటే ఒకే గురి మీద కొట్టిన షాట్ల గుంపు, చెదరగానే పెల్లెట్ల (ఎయిర్ రైఫిల్‌లో వేసే చిన్న సీసపు గుళ్ల) కొత్త డబ్బా కొంటారు. అది కుదరకపోతే ఇంకో కంపెనీది తెప్పిస్తారు. ఆ తర్వాత సైటు (గురి చూసే పరికరం) మారుస్తారు. చివరికి రైఫిలే మంచిది కాదని తేల్చేస్తారు. ఇంతా చేసి కారణం వదులైన ఒక స్క్రూ అయి ఉంటుంది. మన జిల్లాల్లో ఈ ఆట నేర్చుకుంటున్న పిల్లల్లో చాలామంది ఇంట్లో లెక్క చూసుకుని ఖర్చు పెట్టే కుటుంబాల వారు. ఆ డబ్బు ఇలా పోవడం నాకు బాధగా ఉంటుంది. అందుకే ఏది ముందు చూడాలో, ఏది తర్వాత చూడాలో వరుసగా రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక మాట. వేట తుపాకీకి తూటాలు ఇంట్లోనే నింపుకుంటే గురి కుదురుతుందా అని అడిగేవారూ ఉన్నారు. 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దగ్గర వేట వినోదం కాదు, జైలుకు పంపే నేరం. నల్లమల పక్కన ఉన్నవాళ్లకు ఇది విడిగా చెప్పనక్కరలేదు. చెరువు గట్టు మీద ఎయిర్ గన్‌తో పిట్టలను కొట్టడం కూడా ఆ చట్టం కిందికే వస్తుంది. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా 10 మీటర్ల దూరంలో కాగితం మీద కొట్టే 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్ గురించే. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం గొట్టం లోపలి వ్యాసం 4.5 మి.మీ. దాటినా, శక్తి 20 జౌళ్లు దాటినా ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు కావాలి. పోటీల్లో వాడే రైఫిల్ శక్తి 7, 8 జౌళ్ల దగ్గరే ఉంటుంది.

కావలసినవి

• ఇసుక సంచులు రెండు. పాత జీన్స్ కాలు కత్తిరించి, జల్లించిన ఇసుక నింపి కుట్టినా చాలు.
• కదలని బల్ల. కదులుతుంటే కాళ్ల కింద అట్టముక్క పెట్టండి.
• టార్గెట్ కార్డులు, వాటి వెనక బిగించడానికి మందపాటి అట్ట.
• వెర్నియర్ క్యాలిపర్. మెకానిక్ షాపులో అడిగి తెచ్చుకున్నదైనా పరవాలేదు.
• రైఫిల్‌కు సరిపడే అలెన్ కీలు.
• గొట్టం తుడవడానికి 4.5 మి.మీ. ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని) గుళికలు లేదా లాగి తుడిచే దారం.
• చిన్న గాజు పలక, టార్చి.
• నోటు పుస్తకం, పెన్ను. ఇది లేకపోతే మిగతావన్నీ ఉన్నా ఉపయోగం లేదు.

జాగ్రత్తలు: వాడేది స్ప్రింగు బలంతో కాల్చే స్ప్రింగ్ రైఫిలైనా, సిలిండర్‌లో నింపిన గాలితో కాల్చే సిలిండర్ రైఫిలైనా, స్క్రూ ముట్టుకునే ముందు ప్రతిసారీ గొట్టం ఖాళీగా ఉందో లేదో చూడండి. సీసం పెల్లెట్ గట్టి గోడకు తగిలితే వెనక్కి ఎగిరి వస్తుంది. కాబట్టి ఇంటి మిద్దె మీద సాధన చేసేవారు పెల్లెట్లను పట్టే ఇనుప పెట్టె పెట్టుకోవాలి, కళ్లజోడు వేసుకోవాలి. టార్గెట్ వెనక వైపు నుంచి ఎవరూ రాలేనంత పక్కాగా ఏర్పాటు ఉండాలి. సీసం ముట్టుకున్న చేతులతో తినకూడదు. పెల్లెట్లు పెదవుల మధ్య పట్టుకుని ఒక్కొక్కటే తీసి వేసే అలవాటు కొందరు పిల్లల్లో చూశాను. అది వెంటనే మాన్పించండి.

1. ముందు కొలవండి

“చెదురుతోంది” అంటే ఎంత? ఈ ప్రశ్నకు మిల్లీమీటర్లలో జవాబు చెప్పగలిగితేనే ముందుకు వెళ్లండి.

బల్ల మీద ముందు ఒక సంచి, భుజం దగ్గర ఒక సంచి పెట్టి, రైఫిల్ ముందు చెక్కను సంచి మీద ఆనించండి. గొట్టం కానీ సిలిండర్ కానీ సంచికి తగలకూడదు. ప్రతి షాట్‌కూ చెక్క అదే చోట ఆనాలి. పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. ఒక్కో కార్డు మీద 5 షాట్ల చొప్పున 5 కార్డులు కొట్టండి.

ఇప్పుడు కొలత. గ్రూపులో ఒకదానికొకటి అన్నిటికన్నా దూరంగా ఉన్న రెండు రంధ్రాల బయటి అంచుల మధ్య దూరం తీసుకోండి. అదే కార్డు మీద ఓ మూల విడిగా ఒక షాట్ కొట్టి, ఆ ఒక్క రంధ్రం వెడల్పు కొలిచి తీసేయండి. కాగితం నాణ్యతను బట్టి రంధ్రం 4.5 మి.మీ. కన్నా చిన్నగా కనిపించవచ్చు కాబట్టి లెక్కకు ఆ కార్డు మీది రంధ్రాన్నే ప్రమాణంగా తీసుకోవాలి. మిగిలేది మధ్య నుంచి మధ్యకు ఉన్న దూరం. ఐదు కార్డులకూ రాసుకుని సగటు తీయండి.

మంచి మ్యాచ్ (పోటీ) రైఫిల్‌ను యంత్రంలో బిగించి, దానికి నప్పిన పెల్లెట్‌తో కాలిస్తే 10 షాట్లూ బయటి అంచుల మధ్య 7 మి.మీ. లోపే కూర్చుంటాయి. సంచి మీద మనిషి కాల్చినప్పుడు మధ్య నుంచి మధ్యకు 3 నుంచి 5 మి.మీ. వస్తే సిలిండర్ రైఫిల్‌లో లోపమేమీ లేదనే అర్థం. మడత గొట్టం ఉన్న మామూలు స్ప్రింగ్ రైఫిల్‌కు 10 నుంచి 15 మి.మీ. వచ్చినా దాని స్థాయికి అది బాగానే ఉన్నట్టు. దాని నుంచి ఒకే రంధ్రం ఆశించి పెల్లెట్లు మార్చుకుంటూ పోవడం వృథా.

స్కోరు లెక్కతో పోల్చి చూడండి. పోటీ టార్గెట్‌లో పది అనే చుక్క వ్యాసం 0.5 మి.మీ. మాత్రమే. ఒక్కో రింగు 2.5 మి.మీ. వెడల్పు, దశాంశ స్కోరులో 0.1 అంటే 0.25 మి.మీ. పెల్లెట్ మధ్యభాగం టార్గెట్ నడిమి నుంచి 2.5 మి.మీ. లోపల పడితే పది దక్కుతుంది. అంటే సంచి మీద 5 మి.మీ. గ్రూపు ఇచ్చే రైఫిల్, సైటు సరిగ్గా ఉంటే పదులే కొట్టాలి. నిలబడి కొట్టినప్పుడు ఏడు పడుతుంటే ఆ లోపం రైఫిల్‌లో లేదు. నేరుగా 8వ మెట్టుకు వెళ్లండి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. మూడు షాట్లు కొట్టి, అవి దగ్గరగా పడితే “కుదిరింది” అనుకుంటారు. ఏ మార్పూ లేకుండా అదే రైఫిల్, అదే పెల్లెట్‌తో ఒక 5 షాట్ల గ్రూపు 3 మి.మీ., తర్వాతిది 6 మి.మీ. రావడం పూర్తిగా సహజం. షాట్లు పెరిగే కొద్దీ గ్రూపు కూడా పెరుగుతుంది. 5 షాట్లకు సగటున 4 మి.మీ. వచ్చే రైఫిల్ 10 షాట్లకు 5 మి.మీ. దాకా వెళుతుంది. అందుకని ఒక్క కార్డు చూసి సంతోషించవద్దు, ఒక్క కార్డు చూసి దిగులు పడవద్దు.

2. స్క్రూలు

గొట్టం, యంత్రభాగం చెక్కకు కలిసే చోట ఉండే స్క్రూలు ముందు చూడండి. స్ప్రింగ్ రైఫిల్‌లో ప్రతి షాట్‌కూ వచ్చే కుదుపుకు ఇవి నెమ్మదిగా వదులవుతాయి. కంటికి కనిపించదు, చేతికి కూడా తెలియదు. అలెన్ కీ పెట్టి తిప్పితే పావు చుట్టు తిరిగిందంటే కారణం దొరికినట్టే.

బలం కొద్దీ బిగించవద్దు. రైఫిల్‌తో వచ్చిన పుస్తకంలో ఎంత బిగించాలో న్యూటన్ మీటర్లలో రాసి ఉంటుంది. ఆ కొలత చూపే రెంచి ఉంటే దాన్నే వాడండి. లేకపోతే కీ పొట్టి వైపు పట్టుకుని రెండు వేళ్లతో ఆగేంత వరకు బిగించి, స్క్రూ తల మీదా చెక్క మీదా కలిసేలా ఒక సన్నని గీత పెయింటుతో గీయండి. వారం తర్వాత ఆ గీత విరిగి కనిపిస్తే స్క్రూ కదిలిందని చూడగానే తెలుస్తుంది. ముందు, వెనక స్క్రూలను మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగించాలి. ఒకదాన్ని పూర్తిగా బిగించి రెండోదాని జోలికి వెళితే చెక్క మీద ఒకవైపే ఒత్తిడి పడుతుంది.

భుజానికి ఆనే బట్ ప్లేటు, చెంప ఆనే పలక కూడా చూడండి. అవి అర మిల్లీమీటరు జారినా కన్ను సైటు వెనక అదే చోటికి రాదు.

3. సైట్లు

వెనక సైటును వేళ్లతో పట్టి మెల్లగా కదపండి. టిక్కుమనే చప్పుడు వచ్చినా, ఏ మాత్రం ఊగినా దాని పట్టు వదులైందని అర్థం. ముందు సైటు లోపలి రింగు నిటారుగా కూర్చుందా, దాని బిగింపు మర సరిగ్గా ఉందా చూడండి.

సైటు మరలు నమ్మదగినవో కాదో తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. ఒకే గురి పెట్టి 3 షాట్లు కొట్టండి. వెనక సైటును 10 క్లిక్కులు పైకి, 10 కుడికి, 10 కిందికి, 10 ఎడమకు తిప్పుతూ ప్రతిచోటా 3 షాట్లు కొట్టండి. చివరి మూడూ మొదటి మూడింటి మీదికే రావాలి. రాకపోతే మరలో అరుగుదల ఉంది. అది మెకానిక్ పని, విప్పవద్దు.

రింగు మరీ చిన్నదైతే టార్గెట్ మీది నల్లని గుండ్రం చుట్టూ తెల్లని సందు సన్నబడి, కన్ను దాన్ని వెతుక్కుంటుంది. అప్పుడు అక్కడక్కడా ఒక షాట్ దూరంగా ఎగిరిపోతుంది. ఒక సైజు పెద్ద రింగు వేసి చూడండి. రేకుల షెడ్డులో సాధన చేసేవారు వెలుతురు కూడా గమనించాలి. పొద్దున తూర్పు కిటికీ నుంచి, సాయంత్రం పడమటి తలుపు నుంచి వెలుగు పడితే గ్రూపు పాడవకుండానే మొత్తంగా ఒక పక్కకు జరగవచ్చు. గ్రూపు జరగడం వేరు, చెదరడం వేరు. జరిగితే సైటు తిప్పాలి. చెదిరితే కారణం వెతకాలి.

4. గాలి, స్ప్రింగు

సిలిండర్ రైఫిల్ అయితే దాని పీడనం చూపే మీటరు ముల్లు చూడండి. చాలా మ్యాచ్ సిలిండర్లు 200 బార్ వరకు నింపేవి. పీడనం ఒక హద్దు కిందికి దిగితే వేగం పడిపోయి షాట్లు వరుసగా కిందికి దిగుతాయి. ఆ హద్దు ఒక్కో రైఫిల్‌కు ఒక్కోలా ఉంటుంది, పుస్తకంలో చూసుకోండి. నిండుగా ఉన్నప్పుడు 5 షాట్లు, సగంలో 5, అడుగున 5 కొట్టి గ్రూపుల మధ్యబిందువులు పోల్చండి.

వేగం తేడా ఎంత దెబ్బ తీస్తుందో లెక్క తెలిసి ఉంటే అనవసరపు అనుమానాలు పోతాయి. పెల్లెట్ గొట్టం నుంచి సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో బయటికి వస్తుంది. 10 మీటర్లు చేరేలోపు గురుత్వాకర్షణ దాన్ని దాదాపు 18 మి.మీ. కిందికి లాగుతుంది. వేగం 1 శాతం తగ్గితే అది మరో 0.4 మి.మీ. మాత్రమే దిగుతుంది. కాబట్టి నిలువునా 10 మి.మీ. తేడా వస్తుంటే కొద్దిపాటి గాలి తేడా మీదికి నెట్టేయలేం. అంత తేడాకు వాల్వు పాడై వేగం బాగా ఎగుడుదిగుడు కావాలి, లేదా కారణం వేరే ఉండాలి.

ఏప్రిల్, మే నెలల్లో నిండు సిలిండర్‌ను కారులో వదలకండి. 30 డిగ్రీల దగ్గర 200 బార్ నింపితే, మూసిన కారులో 60 డిగ్రీలకు అది 220 బార్ అవుతుంది. అల్యూమినియం సిలిండర్ మీద తయారీ తేదీ చెక్కి ఉంటుంది. సాధారణంగా పదేళ్లు దాటినవాటిని వాడకూడదని తయారీదారులే చెబుతారు. చవకగా దొరికిందని పాత రైఫిల్ కొనేవారు ముందు ఆ తేదీ చదవాలి.

స్ప్రింగ్ రైఫిల్‌లో మామూలు నూనె గాలి గదిలోకి పోయకండి. ఒత్తిడికి ఆ నూనె మండి, పొగతో, చప్పుడుతో షాట్ వేగం ఇష్టం వచ్చినట్టు మారుతుంది. కాల్చినప్పుడు పొగ వాసన వస్తే కారణం అదే. నూనె కాలిపోయేదాకా గ్రూపు కొలవడం దండగ. పెల్లెట్ లేకుండా స్ప్రింగ్ రైఫిల్‌ను కాల్చవద్దు. పిస్టన్ సీలు దెబ్బతింటుంది.

స్ప్రింగ్ రైఫిల్‌కు పట్టు కూడా ముఖ్యమే. గట్టిగా బిగించి పట్టుకుంటే చెదురుతుంది. ముందు చెక్కను తెరిచిన అరచేతి మీద ఊరికే ఆననిచ్చి, రైఫిల్ వెనక్కి కదలడానికి వీలిచ్చి చూడండి. 1వ మెట్టులోలా నేరుగా ఇసుక సంచి మీద పెట్టకుండా, సంచి మీద చెయ్యి, చేతి మీద రైఫిల్ పెట్టండి. చాలామందికి ఈ ఒక్క మార్పుతోనే గ్రూపు దగ్గరపడుతుంది.

5. గొట్టం

మ్యాచ్ పెల్లెట్ మెత్తని సీసం. గొట్టంలో సన్నని సీసపు పూత పడటం సహజం, అది ఉండాలి కూడా. అతిగా పేరుకుంటేనే సమస్య. అంతకుముందు బాగున్న గ్రూపు కొన్ని వందల షాట్ల మీద మెల్లగా విచ్చుకుంటూ వస్తే గొట్టం మీద అనుమానం పెట్టుకోండి.

వీలైతే వెనక నుంచి ఫెల్ట్ గుళికలు రెండు మూడు పంపండి. తర్వాత శుభ్రమైనవి రెండు. మొదటిది నల్లగా, చివరిది బూడిద రంగులో వస్తే సరిపోయింది. ఇనుప బ్రష్షు, ఇనుప కడ్డీ గొట్టంలోకి పోనివ్వకండి. గొట్టం చివర ఒక గీత పడితే ఆ రైఫిల్ మళ్లీ పాత గురికి రాదు.

తుడిచిన వెంటనే గ్రూపు కొలవవద్దు. పూత మళ్లీ కుదురుకోవడానికి 10 నుంచి 20 షాట్లు పట్టవచ్చు. పోటీకి ముందురోజు రాత్రి గొట్టం తుడిచి, పొద్దున మొదటి షాట్లు ఎక్కడికో పోతున్నాయని కంగారు పడే పిల్లలు ప్రతి ఏడాదీ కనిపిస్తారు.

6. పెల్లెట్లను దగ్గరగా చూడండి

ఇప్పటిదాకా అన్నీ సరిచూశాకే పెల్లెట్ల దగ్గరకు రావాలి.

డబ్బా మూత తీసి పది పెల్లెట్లు గాజు పలక మీద పోసి, టార్చి పక్క నుంచి పెట్టండి. పెల్లెట్‌కు ముందు చదునైన తల, మధ్యలో నడుము, వెనక గుల్లగా పలుచని అంచు ఉంటాయి. గొట్టంలో గాలిని ఆపేది ఆ అంచే. అది ఎంత పలుచగా ఉంటుందంటే వేళ్ల మధ్య గట్టిగా నొక్కితే కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది. టార్చి వెలుగులో అంచు మీద చిన్న నొక్కు కూడా నల్లని గీతలా కనిపిస్తుంది. గుల్లలోకి చూడండి, సీసపు తునక ఇరుక్కుని ఉంటే పక్కన పెట్టండి.

తర్వాత దొర్లించండి. పలకను కొద్దిగా వంచి వదిలితే మంచి పెల్లెట్ ఒకే వంపులో చక్కగా తిరుగుతూ దొర్లుతుంది. అంచు నొక్కుకున్నది గతుకుతూ, వంపు తప్పుతూ పోతుంది. పదింటిలో రెండు మూడు ఇలా ఉంటే డబ్బా ఎక్కడో దెబ్బ తిన్నదే.

మన దగ్గర ఆ దెబ్బ ఎక్కువగా బండి మీదే తగులుతుంది. నకిరేకల్ నుంచి నల్లగొండకో, జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్‌కో డిక్కీలో డబ్బా వేసుకుని వెళితే, సగం ఖాళీ అయిన డబ్బాలో పెల్లెట్లు దారి పొడవునా ఒకదానికొకటి కొట్టుకుంటాయి. డబ్బాలో వచ్చిన స్పాంజిని పారేయకండి. పెల్లెట్లు తగ్గే కొద్దీ పైన ఇంకో స్పాంజి ముక్క పెట్టి కదలకుండా మూత బిగించండి. డబ్బాను నడుముకు కట్టుకునే సంచిలో తీసుకెళ్లడం డిక్కీ కన్నా మేలు.

మన ఎర్రమట్టి దుమ్ము మరో శత్రువు. నూనె పూసిన పెల్లెట్‌కు ఆ దుమ్ము పట్టుకుని గొట్టంలోకి పోతుంది. మూత తెరిచి పక్కన పెట్టి గంటల తరబడి కాల్చకండి. చిన్న గిన్నెలో ఇరవై ముప్పై వేసుకుని డబ్బా మూసేయండి. పెల్లెట్ మీద తెల్లని పొడి పట్టి ఉంటే అది తుప్పు. ఆ డబ్బాను సాధనకు కూడా వాడవద్దు, ఆ పొడి ఊపిరిలోకి వెళ్లడం మంచిది కాదు.

బరువు తూచాలా? చాలామంది దీనికే ఎక్కువ సమయం పెడతారు. రైఫిల్ మ్యాచ్ పెల్లెట్ బరువు సుమారు 0.53 గ్రాములు. వంటింటి కాటా దీనికి పనికిరాదు. 0.01 గ్రాము వరకే చూపే కాటా అయినా పెల్లెట్ బరువులో 2 శాతం కన్నా చిన్న తేడాను చూడలేదు. బంగారు దుకాణంలో ఉండే, మిల్లీగ్రాము చూపే కాటా కావాలి. అది దొరికినా, బరువు 1 శాతం మారితే వేగం అర శాతమే మారుతుంది, 10 మీటర్ల దగ్గర తేడా 0.2 మి.మీ. దాటదు. కాబట్టి తూచే గంటను అంచులు చూసే పనికి పెట్టండి. మరీ తేలికైనవి, మరీ బరువైనవి తీసేయడానికి పోటీ పెల్లెట్లను ఒకసారి తూచుకోవచ్చు. అంతకు మించి అవసరం లేదు.

7. పెల్లెట్‌ను పెల్లెట్‌తో పోల్చడం

డబ్బా మీద రెండు అంకెలు వెతకండి. ఒకటి తల వ్యాసం: 4.48, 4.49, 4.50, 4.51 ఇలా. రెండోది తయారీ బ్యాచి సంఖ్య. ఆర్‌డబ్ల్యూఎస్, హెచ్ అండ్ ఎన్, జేఎస్‌బీ లాంటి కంపెనీలు ఒకే పేరుతో వేర్వేరు తల సైజులు అమ్ముతాయి. మీ స్నేహితుడి రైఫిల్‌కు 4.49 నప్పిందంటే మీదానికి నప్పుతుందని లేదు. అదే కంపెనీ, అదే సైజు అయినా బ్యాచి మారితే ఫలితం మారవచ్చు. “ఖరీదైన డబ్బా పోయిన ఏడాది బాగా పని చేసింది, ఈసారి పని చేయడం లేదు” అనేవారు ముందు ఆ సంఖ్యలు పోల్చుకోవాలి.

పోల్చే పద్ధతి ఇది:

అ) రెండు రకాలే తీసుకోండి. నాలుగైదు ఒకేసారి వద్దు.

ఆ) మొదటి రకంతో 10 షాట్లు కార్డు బయట కొట్టి గొట్టాన్ని దానికి అలవాటు చేయండి. తర్వాత 5 షాట్ల కార్డు. రెండో రకానికీ అంతే. మళ్లీ మొదటిది, మళ్లీ రెండోది. ఇలా ఒక్కోదానికి ఐదు కార్డులు. ముందు ఒకదానివన్నీ, తర్వాత రెండోదానివన్నీ కొడితే అలసట, వెలుతురు, గాలి పీడనం అన్నీ రెండోదాని ఖాతాలో పడతాయి.

ఇ) వీలైతే ఇంకొకరు పెల్లెట్లు గిన్నెలో పోసి ఇవ్వాలి, ఏది ఏదో మీకు చెప్పకూడదు. ఖరీదైనదని తెలిస్తే చేయి తెలియకుండానే జాగ్రత్త పడుతుంది.

ఈ) సగటు గ్రూపుల మధ్య అర మిల్లీమీటరు తేడా ఉంటే దాన్ని తేడాగా లెక్కించవద్దు, చవకదాన్నే వాడండి. రెండు మిల్లీమీటర్ల తేడా ఐదు కార్డుల్లోనూ కనిపిస్తే అది నిజమైన తేడా. ఆ బ్యాచి సంఖ్య రాసుకుని, ఏడాదికి సరిపడా అదే బ్యాచి డబ్బాలు అడిగి తీసుకోండి.

పెల్లెట్ వేసే తీరు కూడా ఒకటే ఉండాలి. తల నిటారుగా లోపలికి వెళ్లాలి. వంకరగా పెట్టి గొట్టం వెనక మూత నెట్టేస్తే అంచు అక్కడే నొక్కుకుపోతుంది. చివరి ఇరవై షాట్లలో స్కోరు పడిపోయే పిల్లల్లో కొందరికి గురి బాగానే ఉంటుంది, తొందరలో పెల్లెట్ వంకరగా పెడుతుంటారు.

8. ఇప్పుడు మీ వంతు

సంచి మీద గ్రూపు బాగుండి, నిలబడితే చెదురుతుంటే కార్డు మీద ఆకారం చూడండి.

నిలువుగా సాగితే ఊపిరి. ప్రతిసారీ ఊపిరి ఒకే చోట ఆగడం లేదు, లేదా చెంప ఒకే ఎత్తులో ఆనడం లేదు.

అడ్డంగా సాగితే నిలబడిన తీరు. గురి పెట్టి కళ్లు మూసి, రెండు ఊపిరులు తీసుకుని తెరవండి. రైఫిల్ పక్కకు జరిగి కనిపిస్తే చేతులతో లాగి సరిచేయకండి. వెనక పాదాన్ని కొద్దిగా జరపండి. ట్రిగర్‌ను పక్కకు లాగడం వల్ల కూడా ఇలాగే అవుతుంది.

గ్రూపు దగ్గరగా ఉండి, ఒకటి రెండు మాత్రమే దూరంగా పోతే షాట్ తర్వాత తల ఎత్తేస్తున్నారేమో చూసుకోండి. ట్రిగర్ నొక్కాక కూడా రైఫిల్‌ను ఒకటి రెండు క్షణాలు అలాగే పట్టి ఉంచాలి. ప్రతి షాట్ తర్వాత కార్డు చూడకముందే “కుడివైపు తొమ్మిది” అన్నట్టు మీ అంచనా రాయండి. అంచనాకు కార్డుకు పొంతన కుదిరితే లోపం మీ చేతిలో ఉంది, సాధనతో పోతుంది. పొంతన లేకపోతే 2, 3 మెట్లకు వెనక్కి వెళ్లండి, ఏదో వదులుగా ఉంది.

రైఫిల్ పక్కకు ఒరగడం గురించి చాలా భయపెడతారు. 10 మీటర్ల దగ్గర 5 డిగ్రీలు ఒరిగితే షాట్ పక్కకు జరిగేది సుమారు 1.5 మి.మీ. ప్రతిసారీ అంతే ఒరిగితే నష్టమే లేదు. ఒక్కోసారి ఒక్కోలా ఒరిగితేనే పట్టించుకోవాలి.

తరచుగా జరిగే పొరపాట్లు

ఒకే రోజు స్క్రూ బిగించి, గొట్టం తుడిచి, పెల్లెట్ మార్చడం. గ్రూపు బాగుపడినా దేని వల్ల బాగుపడిందో తెలియదు, రెండు వారాల్లో మళ్లీ చెడితే మొదటికే వస్తారు.

ఫ్యాను కింద కొలవడం. సీలింగ్ ఫ్యాను గాలికి కార్డు ఊగుతుంది, తేలికైన పెల్లెట్‌ను కూడా అది కొన్ని మిల్లీమీటర్లు పక్కకు నెట్టగలదు. కొలిచే ఐదు నిమిషాలు ఆపేయండి. మిద్దె మీద అయితే గాలి పడిపోయిన తెల్లవారుజామునే కొలవండి.

దూరంగా పోయిన షాట్‌ను “అది నా తప్పు” అని లెక్కలోంచి తీసేయడం. పెల్లెట్ పరీక్షలో అలా తీసేస్తూ పోతే ప్రతి డబ్బా మంచిదే అవుతుంది. తీయాలంటే కార్డు చూడకముందే, ట్రిగర్ నొక్కిన క్షణంలోనే చెప్పి ఉండాలి.

పలుచని కార్డు వాడటం. చిరిగిన రంధ్రాన్ని ఎవరూ సరిగ్గా కొలవలేరు.

ట్రిగర్ విప్పడం. ఇది ఇంట్లో చేయకూడని పని. తేలిక చేయబోయి, తాకకుండానే పేలే స్థితికి తెచ్చిన రైఫిళ్లు రేంజికి వస్తుంటాయి.

ఫలితం సరిచూసుకోవడం

మార్పు చేశాక మళ్లీ మొదటి మెట్టులోలాగే 5 కార్డులు కొట్టి, పాత సగటు పక్కనే కొత్తది రాయండి. మరుసటి రోజు ఇంకోసారి కొట్టండి. రెండు రోజులూ తగ్గితేనే మార్పు పని చేసినట్టు. తర్వాత ఆ మార్పును ఒకసారి వెనక్కి తీసి చూడగలిగితే ఇంకా మంచిది. ఉదాహరణకు పాత పెల్లెట్‌తో ఒక కార్డు కొట్టితే గ్రూపు మళ్లీ పెద్దదవ్వాలి.

పుస్తకంలో ఒక్కో పరీక్షకు ఒక పేజీ చాలు: తేదీ, సమయం, పెల్లెట్ పేరు, తల సైజు, బ్యాచి, సిలిండర్ పీడనం, ఆ రోజు చేసిన ఒకే ఒక్క మార్పు, ఐదు గ్రూపుల కొలతలు. కార్డులను పారేయకుండా ఆ పేజీకే పిన్ను చేయండి.

ఎనిమిది మెట్లూ అయ్యాక కూడా సంచి మీద గ్రూపు 8 మి.మీ. కన్నా తగ్గని సిలిండర్ రైఫిల్‌ను ఇక ఇంట్లో విప్పవద్దు. ఆ పుస్తకం, కార్డులు తీసుకుని తయారీదారు గుర్తించిన మెకానిక్ దగ్గరకు వెళ్లండి. “గురి కుదరడం లేదు” అని చెబితే అతను మొదటి మెట్టు నుంచి మొదలుపెడతాడు. కొలతలు ముందు పెడితే నేరుగా వాల్వు, సీలు, గొట్టం చివర చూస్తాడు.